ఒకటీ ఇరవై, నాలుగున్నర

బోర్డు మాస్టారు జన్మలో ఎవరికీ పాఠం చెప్పలేదు. రేవు ఆఫీసులో గుమాస్తా. పొద్దున్నే జెట్టీ మొదట్లో ఉన్న నల్లబోర్డు మీద ఆ రోజు ఆటు ఎన్నింటికి, పోటు ఎన్నింటికి, అంటే సముద్రం ఎప్పుడు పూర్తిగా వెనక్కి తీస్తుంది, ఎప్పుడు పూర్తిగా ఎక్కుతుంది అనేది సుద్దముక్కతో రాయడం ఆయన పని. ఆఫీసువాళ్ళు ఏటా ఇచ్చే అచ్చు పుస్తకంలో చూసి దించడమే తప్ప అందులో ఆయన కనిపెట్టింది ఏమీ లేదు. కానీ ఆయన నడక చూస్తే, సముద్రాన్ని పొద్దున్నే తట్టిలేపి పనిలోకి పంపేది తనేనన్నట్టు ఉండేది. చేతిరాత మాత్రం ముత్యాల కోవ. అది ఒప్పుకోవాలి. ఆ అంకెలు చూసుకున్నాకే పడవలవాళ్ళు తాళ్ళు విప్పేవాళ్ళు.

అలా ముప్పై ఏళ్ళు రాసి రాసి ఆదివారం నాడు రిటైరవుతున్నాడు. ఆఫీసు మేడ మీద సభ. ముప్పై ఏళ్ళలో బోర్డు మీద ఒక్క తప్పు దొర్లలేదని పెద్దాఫీసరు స్వయంగా ప్రసంగం రాసుకున్నాడట. ఈ మాట మాస్టారు ఇంట్లో మూడుసార్లు చెప్పాడు. మూడోసారి గోడకి చెప్పాడు, ఎందుకంటే ఆయన భార్య అప్పటికి లేచి వెళ్ళిపోయింది.

ఆవిడని ఊళ్ళో టైలరమ్మ అంటారు. పడవలకి టార్పాలిన్ పరదాలు కుడుతుంది. మందపాటి గుడ్డలో సూది దించీ దించీ ఆవిడ మాట కూడా అలాగే తయారైంది, ఒకవైపు దిగితే రెండోవైపు తేలాల్సిందే. వాళ్ళకి ఒక్కతే కూతురు, ఆసుపత్రిలో నర్సు. సభలో పెట్టడానికి నాన్న పాత ఫోటోలు కావాలని ఆ పిల్ల మంగళవారం వచ్చి కూర్చుంది.

టైలరమ్మ కుట్టుమిషను బల్ల కింద నుంచి ఆల్బం తీసింది. అందులో ఫోటోలన్నీ ఆవిడ తీసినవే. కెమెరా కొనిచ్చింది ఆవిడ తమ్ముడు. ఎలా నొక్కాలో నేర్పాడు గానీ బొటనవేలు ఎక్కడ పెట్టుకోవాలో నేర్పలేదు. అందుకని ప్రతి ఫోటోలోనూ కుడివైపు మూల ఆవిడ బొటనవేలు మబ్బులా కమ్ముకుని ఉంటుంది.

"నాన్న నాకు ఈత నేర్పిన ఫోటో ఇదిగో," అని నవ్వింది కూతురు.

అందులో పిల్ల మెడలోతు నీళ్ళలో గిలగిలా కొట్టుకుంటోంది. మాస్టారు చీలమండల్లోతులో ప్యాంటు మడిచి నిలబడి చెయ్యెత్తి సూచనలిస్తున్నాడు. ఆయనకి ఈత రాదు. ఇంకోటి ఇసుకదిబ్బల మీద డేరా వేసుకుని పడుకుందామని వెళ్ళిననాటిది. ఫోటోలో డేరా లేదు, డేరా వెనక పరిగెడుతున్న మాస్టారి వీపు ఉంది. అన్నింట్లోనూ ఒక మడతకుర్చీ, అందులో మాస్టారి తల్లి. ఆవిడ ఆ కుర్చీ లేనిదే గడప దాటేది కాదు. ఇసుకలోనైనా, బురదలోనైనా, గుట్ట మీదైనా కుర్చీ వేయించుకుని, కూర్చుని, లోకానికి వంకలు పెట్టేది. పోయి ఎనిమిదేళ్ళయింది. కుర్చీ ఇంకా ఉంది. దానికీ ఆవిడ బుద్ధే, కూర్చున్నవాళ్ళ వేళ్ళు నలిపేస్తుంది.

కూతురు ఒక ఫోటో ఊడదీస్తుంటే దాని వెనక నుంచి ఇంకోటి జారి పడింది.

"ఇదెక్కడిదమ్మా? ఎప్పుడూ చూళ్ళేదే?"

టైలరమ్మ చటుక్కున అందుకుంది. "అది బాగా రాలేదులే," అంది.

నిజానికి ఆవిడ జన్మలో అంత బాగా వచ్చిన ఫోటో ఇంకోటి లేదు. అదే వచ్చిన చిక్కు.

పంతొమ్మిదేళ్ళ కిందట, అదీ ఒక ఆదివారమే. రేవుకి ఎదురుగా అరగంట దూరంలో ఒక చదునురాయి ఉంది. సముద్రం తీసినప్పుడు నలుగురు చాపలు పరుచుకుని పడుకోవచ్చు, ఎక్కినప్పుడు కాకి వాలడానికి కూడా చోటుండదు. అక్కడికి కుటుంబమంతా షికారు వెళ్దామన్నాడు మాస్టారు. సోమ, మంగళవారాలు సెలవు పెట్టాడు కాబట్టి శనివారం సాయంత్రమే మూడు రోజుల బోర్డులూ రాసేసి, ఒకదాని వెనక ఒకటి తగిలించి వచ్చాడు. రోజుకొకటి తిప్పడం కాపలావాడి పని. ఆఖరున రాసింది మంగళవారం ఆటు, మూడు గంటలకి. ఆ మూడే ఆయన బుర్రలో ఉండిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం అందరూ ఆ బోర్డు పక్కనుంచే నడిచారు. ఆటు ఒకటీ ఇరవై అని అరచేతి మందాన అంకెలు, ఆయన రాసినవే.

"నాన్నా, ఒకటీ ఇరవై అని ఉంది, నువ్వు మూడు అంటున్నావే?" అంది పదకొండేళ్ళ కూతురు.

"ఆ బోర్డు రాసిందెవరు?"

"నువ్వే."

"మరి నాకా చెప్తున్నావు? నడు."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనేవాళ్ళని చూశాం. ఈయన నాలుగు కాళ్ళూ తన చేత్తోనే రాసి పెట్టి, మూడే అన్నాడు.

పడవ టైలరమ్మ తమ్ముడిది. వచ్చిపోయేవాళ్ళని చిన్న చిన్న దీవుల మీద, రాళ్ళ మీద దింపి, చెప్పిన వేళకి మళ్ళీ ఎక్కించుకొస్తుండేవాడు. ఎవరిని ఎన్నింటికి తీసుకురావాలో మర్చిపోకుండా పడవ లోపలి చెక్క మీద సుద్దతో రాసుకోవడం అతని అలవాటు. అతని చేతిరాత ఇసుక మీద ఎండ్రకాయ నడిచినట్టు ఉంటుంది. మాస్టారు ఆ రాత చూసి ఊరుకోలేడు.

"ఎన్నింటికి రమ్మంటావు బావా?" అన్నాడు తమ్ముడు, బోర్డుకి వీపు పెట్టి ఇంజను తాడు లాగుతూ.

"నాలుగున్నరకి. ఆగాగు, నువ్వు రాయకు, ఇలా ఇయ్యి," అని సుద్ద లాక్కుని మాస్టారే వంగి రాశాడు. బావగారు, 4.30. తన పేరు పక్కన 'గారు' కూడా తనే తగిలించుకున్నాడు.

సరిగ్గా అప్పుడు టైలరమ్మ కెమెరా నొక్కింది. అందులో అన్నీ పడ్డాయి. కింద పడవ చెక్క, దాని మీద 4.30, పక్కనే సుద్దతో మాస్టారు, వెనక నల్లబోర్డు, దాని మీద 1.20. రెండూ ఒకే చేతిరాత. బొటనవేలు కూడా ఆ రోజు ఎందుకో కాస్త పక్కకి తప్పుకుంది.

వాళ్ళని దింపేసి తమ్ముడు ఇంకో బేరం మీద వెళ్ళిపోయాడు. రాయి మీద అన్నాలు తిన్నారు. రెండున్నరకి నీళ్ళొచ్చి అన్నం గిన్నెని పలకరించాయి.

"కంగారు పడకండి. పూర్తిగా తీసేముందు ఒకసారి ఇలా వెనక్కి వస్తుంది," అన్నాడు మాస్టారు.

మూడింటికి చాప తేలింది. మాస్టారి తల్లి కుర్చీలో కాళ్ళు పైకి ముడుచుకుని, "ఒరేయ్, నీ సముద్రం నీ మాట వింటున్నట్టు లేదురా," అంది. మూడున్నరకి నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. పిల్ల తండ్రి భుజాల మీదకి ఎక్కింది. ఆ ఈత రాని మనిషి భుజాలు వణుకుతుంటే పైన పిల్ల కూడా వణికింది. అప్పుడు టైలరమ్మకి నిజంగా భయం వేసింది. నవ్వులాటకి చెప్పుకునే భయం కాదు, నోట్లో తడి ఆరిపోయే భయం. కూతుర్ని ముంచి చంపడానికి తనే అన్నం కట్టి తెచ్చిందనుకుంది.

మూడూ నలభైకి తమ్ముడి పడవ కనబడింది. మూడింటికి రేవుకి తిరిగొచ్చిన అతను బోర్డు చూశాడు, చెక్క చూసుకున్నాడు, ఇంకేమీ ఆలోచించకుండా పడవ తిప్పాడు. రాగానే పిల్లని అందుకున్నాడు, అక్కని లాగాడు, అక్క అత్తగారిని కుర్చీతో సహా ఎత్తి పడవలో పెట్టాడు. అలలు కొట్టి పడవంతా నీళ్ళు. చెక్క మీద రాత కొట్టుకుపోయింది. ఇంజను తడిసి మొరాయించింది. తెడ్డు వేసుకుంటూ రేవుకి చేరేసరికి అయిదున్నర.

జెట్టీ మీద సగం ఊరు ఉంది. ఏమైందని పదిమందీ ఒకేసారి అడిగారు. మాస్టారి తల్లి కుర్చీలోంచే చెయ్యి చాపి, "ఏమవుతుంది? రెండింటికి రమ్మంటే ఇప్పుడా రావడం!" అంది.

ఆ వేలు తమ్ముడి వైపు ఉంది. అందరూ మాస్టారి వైపు చూశారు. మాస్టారు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. అప్పటికింకా ఆయనది తాత్కాలిక ఉద్యోగం. ఖాయం చేసే కాగితం ఆ నెలలోనే ఆఫీసరు బల్ల మీద ఉంది. బోర్డు రాసేవాడే బోర్డు చదవలేదంటే ఇంకేం ఖాయం? తమ్ముడు బావ వంక చూసి, తర్వాత అక్క వంక చూశాడు. టైలరమ్మ తల వంచుకుని కొంగుతో కెమెరా తుడుచుకుంటోంది.

ఆ సాయంత్రం నుంచి అతని పేరు 'లేటు'. పసిపిల్లల్ని నీళ్ళలో నిలబెట్టిన లేటు. నిప్పు లేనిదే పొగ రాదంటూ బేరాలు ఒక్కొక్కటీ జారిపోయాయి. షికారు పడవ కాస్తా చేపలవాళ్ళకి ఐసు మోసే పడవ అయింది. పాపం ఆ మనిషి, ఆ పేరు వదిలించుకోవాలని అన్నిచోట్లకీ ముందే వెళ్ళడం మొదలుపెట్టాడు. మామూలు ముందు కాదు. పెళ్ళికి పిలిస్తే పందిరి వేసేవాళ్ళతో పాటు వచ్చి గుంజ పట్టుకునేవాడు. ఆసుపత్రిలో ఎవరినైనా చూడ్డానికి వెళ్తే రోగి కంటే ముందు చేరేవాడని కూతురు నవ్వేది. అయినా ఊరు 'లేటు' అనడం మానలేదు. నోటికి ఒక పేరు అలవాటయ్యాక ఊరు గడియారం చూసుకోదు.

ఇప్పుడు సముద్రపు పాయ అవతల ఉన్న పిల్లల్ని బడికి చేర్చడానికి రేవు ఆఫీసు ఒక పడవ పెడుతోంది. తమ్ముడు అర్జీ పెట్టుకున్నాడు. లేటు చేతిలో మా పిల్లలా అని తల్లిదండ్రులు గోల. పెద్దాఫీసరు సోమవారం తేలుస్తానన్నాడు.

కూతురు వెళ్ళాక టైలరమ్మ ఆ ఫోటో తెచ్చి, అన్నం తింటున్న భర్త కంచం పక్కన పెట్టింది.

"ఇది కూడా పెడదామండీ, సభలో."

మాస్టారి చేతిలో ముద్ద ఆగిపోయింది. "చించేయమన్నాను కదే అప్పుడే!"

"నేను కుట్టేదాన్ని. చించడం నాకు రాదు."

"ఆదివారం ఒక్కరోజు ఆగలేవా? సోమవారం నుంచి నేనెలాగూ ఎవర్నీ కాను. ముప్పై ఏళ్ళు, ఒక్క తప్పు లేకుండా రాశానే!"

"బోర్డు మీద. మరి పడవ మీద?"

"మీ తమ్ముడు ఏనాడైనా నన్నడిగాడా? వాడికి లేని బాధ నీకెందుకు?"

"సోమవారం వాడి కాగితం తేలిపోతుంది. మీ ఖాయం కాగితం కోసం వాడు నోరు మూసుకున్నాడు. వాడి కాగితం కోసం మీరు ఒక్కసారి తెరవలేరా?"

మాస్టారు చెయ్యి కడుక్కుని, పేపరు మొహం మీద కప్పుకుని పడుకున్నాడు. పేపరు కింద నిద్రపోలేదని ఆవిడకి తెలుసు, ఎందుకంటే గురక లేదు. ఆ వారమంతా ఆవిడ ఆయనతో మాట్లాడింది తక్కువ, గిన్నెలతో మాట్లాడింది ఎక్కువ. తప్పు ఆయనది, నోరు అత్తగారిది, మధ్యలో తను చేసిందల్లా ఒక ఫోటో దాచడం. తిలా పాపం తలా పిడికెడు అంటారు కదా, తన పిడికిలి చిన్నదేనని ఆవిడ లెక్క. ఆయనే చెప్పాలి, ఆయన నోటితోనే రావాలి అని భీష్మించుకుంది.

ఆదివారం పదింటికి సభ. ఏడున్నరకల్లా తమ్ముడు వచ్చేశాడు. కాపలావాడు ఇంకా పళ్ళు తోముకుంటున్నాడు. అతని దగ్గర తాళం తీసుకుని, మేడ మీద గది ఊడ్చి, కుర్చీలు వేసి, మైకు సరిచూసి, మళ్ళీ కుర్చీలు తీసి వరస తిన్నగా లేదని ఇంకోసారి వేశాడు. కూతురు ఒక నీలం టార్పాలిన్ గోడకి కట్టి ఫోటోలు పిన్నులతో గుచ్చింది. వచ్చినవాళ్ళు డేరా ఫోటో దగ్గర ఆగి పడీపడీ నవ్వుతున్నారు. మాస్టారు కొత్త చొక్కాలో మెడ తిప్పలేక తిప్పలేక అందరికీ నమస్కారం పెడుతున్నాడు.

టైలరమ్మ నీళ్ళ కూజా పక్కన నిలబడి ఉంటే, బడి పిల్లల తండ్రులు ఇద్దరు పెద్దాఫీసరుతో అంటున్న మాటలు చెవిన పడ్డాయి.

"మనిషి మంచోడేనండీ, మాస్టారి బామ్మర్దే. కానీ లేటండీ. రేపు మా పిల్లల్ని పాయ మధ్యలో నిలబెడితే?"

తమ్ముడు అక్కడికి రెండడుగుల దూరంలోనే కుర్చీ పట్టుకుని ఉన్నాడు. విన్నాడు. విని, ఎవరో తనని పొగిడినట్టు చిన్నగా నవ్వి, ఆ కుర్చీ తెచ్చి అలా అన్న పెద్దమనిషికే వేశాడు.

టైలరమ్మకి ఒళ్ళు మండింది. కోపం ఎవరి మీదో చూసుకుంటే ఆ పెద్దమనిషి మీద కాదు, భర్త మీదా కాదు. వారం రోజులుగా ఆయన నోరు తెరవలేదని సాధిస్తోంది. మరి ఫోటో ఎవరి సంచిలో ఉంది? ఎవరి మిషను బల్ల కింద ఉంది ఇన్నాళ్ళూ? నేరుగా గోడ దగ్గరికి నడిచి, డేరా ఫోటో పీకి పారేసి, ఆ చోట దీన్ని గుచ్చింది. 

పెద్దాఫీసరు టీ కప్పుతో వరసగా ఫోటోలు చూసుకుంటూ వచ్చాడు. ఈ ఊరికి వచ్చి మూడేళ్ళే అయింది, అంకె కనబడితే చదవకుండా వదలని మనిషి. ఆ ఫోటో దగ్గర ఆగాడు. కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"మాస్టారూ, రెండూ మీ రాతే. పైన ఆటు ఒకటీ ఇరవై. కింద బావగారు, నాలుగున్నర. ఎక్కడి నుంచి ఎక్కించుకోవడానికి?"

 గదిలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే ఫోటో దగ్గరికి జరిగారు.

"ఆ చదునురాయి మీద నుంచండీ," అంది టైలరమ్మ. "నాలుగున్నర దాకా ఆగుంటే మా మెడలు మునిగేవి. మా తమ్ముడు మూడూ నలభైకే వచ్చాడు. ఎవరూ పిలవకుండా, బోర్డు చూసి వచ్చాడు. వాడొచ్చాడు కాబట్టి నేనూ, నా కూతురూ ఇక్కడ నిలబడి ఉన్నాం. రెండింటికి రమ్మన్నామన్నది అబద్ధం. పంతొమ్మిదేళ్ళ నుంచి మీరందరూ వాడిని లేటు అంటున్నారే, అదీ అబద్ధమే."

అందరి తలలూ మాస్టారి వైపు తిరిగాయి. ఆయన కాదంటే చాలు, ముప్పై ఏళ్ళ పేరున్న మనిషి మాటకే విలువ ఉంటుంది, భార్య మాట మొగుడూ పెళ్ళాల తగవులో కలిసిపోతుంది. ఆ సంగతి ఆయనకీ తెలుసు. కూతురి వంక చూశాడు.

"బోర్డు మీద సరిగ్గానే రాశానండీ," అన్నాడు చివరికి. "బోర్డులో తప్పు లేదు. నేనే చదవలేదు. వాడు చదివాడు."

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. మాస్టారు కూడా నవ్వబోయి, కుదరక కూర్చున్నాడు. కొత్త చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. అయినా పన్ను పీకించుకుని వచ్చినవాడిలా కాస్త తేలికపడ్డట్టే కనబడ్డాడు. పెద్దాఫీసరు జేబులోంచి ప్రసంగం కాగితం తీసి, ఒక వాక్యం దగ్గర కాసేపు ఆలోచించి, పెన్నుతో దిద్దాడు. ఆ తర్వాత తమ్ముడి దగ్గరికి వెళ్ళి చెయ్యి కలిపి, "సోమవారం దాకా ఎందుకు, బడి పడవ మీకే," అన్నాడు. ఇందాకటి పెద్దమనిషి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

సభ అయిపోయి జనం మెట్లు దిగుతుంటే తమ్ముడు గోడ దగ్గర నిలబడ్డాడు. పిన్ను తీసి ఫోటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. టైలరమ్మ పక్కకి వెళ్ళి నిలబడింది. ఇప్పుడు వాడు ఏడుస్తాడేమో, ఏడిస్తే తనూ ఏడ్చేసి భారం దించుకుందామని చూస్తోంది.

"బావ సంగతి నాకు ఆ రోజే అర్థమైందక్కా," అన్నాడు. "ఉద్యోగం కోసం మనిషి గడ్డి తింటాడు. దానికి నేనేం అనుకోలేదు. కానీ వారం తర్వాత నేను మీ ఇంటికొచ్చి అడిగాను, గుర్తుందా? రేవులో బావ రాస్తుంటే ఫోటో తీశావు కదా, వచ్చిందా అని."

ఆవిడ సంచి తాడు వేలికి చుట్టుకుంది.

"రీలు తడిసి పాడైపోయిందన్నావు. కొత్త రీలు, అయ్యో అని నేను నీ కోసం బాధపడ్డాను."

"ఒరేయ్, అప్పుడు..." అంది. ఎదుటివాడిలో సూది దిగేదాకా ఊరుకోని నోరు, తన వంతు వచ్చేసరికి దారం లేని సూదైంది.

తమ్ముడు ఫోటో ఆవిడ చేతిలో పెట్టాడు. కోపంగా పెట్టలేదు, జాగ్రత్తగా, అంచు మడత పడకుండా పెట్టాడు. "వెళ్తానండీ," అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక అక్కని అతను 'అండీ' అనడం అదే మొదలు. మెట్లు దిగి జెట్టీ వైపు వెళ్ళిపోయాడు.

మాస్టారు భయంభయంగా దగ్గరికి వచ్చాడు. "ఏమన్నాడు? తిట్టాడా?"

"లేదు," అంది ఆవిడ. "తిట్టుంటే అన్నానికి రమ్మనేదాన్ని."